పొగగొట్టం లేని కంపెనీకి పొగ లెక్క ఎలా?

క్లుప్తంగా: హైదరాబాద్‌కు కరెంటు ఇచ్చే దక్షిణ డిస్కమ్ (తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ) బొగ్గు కాల్చదు. కొన్న కరెంటును తీగల మీద పంపి బిల్లు వసూలు చేస్తుంది. అందుకే దాని సొంత కాలుష్యం కాగితం మీద చాలా తక్కువగా కనిపిస్తుంది. అసలు భారమంతా కరెంటు కొనుగోలు ఒప్పందాల్లోనూ, పొద్దు గుంకిన తర్వాతి గంటల్లోనూ, లైన్లలో ఆవిరయ్యే నష్టాల్లోనూ ఉంది. ఏడాదికి ఎన్ని మెగావాట్ల సోలార్ చేరిందన్న అంకె ఒక్కటే చూస్తే ఈ మూడింటిలో ఏదీ తెలియదు.

నెల నెలా రీడింగ్ తీసే మనిషి చిన్న మెషీన్ నుంచి చింపి ఇచ్చే బిల్లు మీద చాలా వివరాలుంటాయి. పాత రీడింగ్, కొత్త రీడింగ్, వాడిన యూనిట్లు, ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, యూనిట్‌కు ఆరు పైసల చొప్పున ఎలక్ట్రిసిటీ డ్యూటీ. ఆ యూనిట్లు ఎక్కడ పుట్టాయో, దేన్ని కాలిస్తే పుట్టాయో మాత్రం ఉండదు.

లెక్క కట్టడం కష్టమేమీ కాదు. దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటిస్తుంది. 2023-24కు ఆ సగటు 0.727 కిలోలు. ఎండాకాలంలో నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటి వాటా సుమారు 218 కిలోలు. దాదాపు 95 లీటర్ల పెట్రోల్ కాల్చినంత. దారిలో పోయే నష్టాలు కలిపితే ఇంకాస్త పెరుగుతుంది. మరి ఈ 218 కిలోలు ఎవరి ఖాతాలో రాయాలి? వాడిన ఇంటి ఖాతాలోనా, అమ్మిన డిస్కమ్ ఖాతాలోనా, కాల్చిన ప్లాంటు ఖాతాలోనా? కరెంటు సంస్థల పర్యావరణ నివేదికలు చదివేటప్పుడు వచ్చే గందరగోళం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

### హుస్సేన్ సాగర్ ఒడ్డు నుంచి దామరచర్ల దాకా

ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు కంటికే కనబడేది. నిజాం కాలంలో హుస్సేన్ సాగర్ ఒడ్డునే బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉండేది. ఇప్పుడు ఐమాక్స్ థియేటర్, ఎన్టీఆర్ గార్డెన్ ఉన్న ప్రాంతం అది. లైటు వెలిగేదీ, పొగ లేచేదీ ఒకే ఊళ్లో. ఆ కేంద్రం మూతపడింది, కట్టడాలు కూల్చేశారు. నేటి డిస్కమ్ ప్రధాన కార్యాలయం ఉన్న మింట్ కాంపౌండ్ అక్కడికి కూతవేటు దూరమే. కానీ అక్కడ నిలబడి చూస్తే పొగగొట్టం ఒక్కటీ కనిపించదు.

పొగ పోలేదు, దూరం జరిగింది. రామగుండంలో ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల పాత కేంద్రం, దాని పక్కనే తెలంగాణ కోసం కట్టిన 1,600 మెగావాట్ల కొత్త కేంద్రం. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి, భూపాలపల్లిలో 1,100 మెగావాట్ల కాకతీయ, జైపూర్‌లో సింగరేణి వారి 1,200 మెగావాట్లు. నల్గొండ జిల్లా దామరచర్ల మండలంలో 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో 4,000 మెగావాట్ల యాదాద్రి. ఇవి చాలవన్నట్టు ఛత్తీస్‌గఢ్‌తో 1,000 మెగావాట్ల ఒప్పందం కూడా చేసుకున్నారు (ఆ సరఫరా 2022లో ఆగిపోయింది), ఆ కరెంటు రావడానికి వార్ధా, డిచ్‌పల్లి మీదుగా మహేశ్వరం దాకా 765 కేవీ లైను.

రాష్ట్రంలోని రెండు డిస్కమ్‌లు కొనే కరెంటులో దాదాపు 70 శాతం దక్షిణ డిస్కమ్‌ది. హైదరాబాద్ ఉన్నది అందులోనే. 2024 మే 6న గ్రేటర్ పరిధిలో పీక్ డిమాండ్ (ఒక్క వేళలో పడే అత్యధిక వాడకం) 4,352 మెగావాట్లకు చేరింది, ఆ ఒక్క రోజు వాడకం 90 మిలియన్ యూనిట్లు దాటింది. జాతీయ సగటుతో గుణిస్తే ఆ రోజుకు సుమారు 65 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్. అందులో నగరం గాలిలో కలిసింది దాదాపు ఏమీ లేదు.

### మూడు ఖాతాలు

ప్రపంచమంతా వాడే కర్బన లెక్కల పద్ధతిలో మూడు ఖాతాలుంటాయి. సంస్థ తన ఆవరణలో, తన వాహనాల్లో కాల్చేది స్కోప్ 1. తాను కొని వాడుకునే కరెంటు వల్ల వేరేచోట వెలువడేది స్కోప్ 2. సరఫరాదారుల దగ్గర, వినియోగదారుల దగ్గర దాని వ్యాపారం వల్ల వెలువడే మిగతాదంతా స్కోప్ 3.

డిస్కమ్‌కు దీన్ని తొడిగి చూస్తే లెక్క తమాషాగా మారుతుంది. స్కోప్ 1లోకి వచ్చేవి లైన్‌మన్ల వ్యాన్లు, ఆఫీసుల డీజిల్ జనరేటర్లు, ఇంకా సబ్‌స్టేషన్లలోని ఒక వాయువు. ఆ వాయువు పేరు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. సర్క్యూట్ బ్రేకర్లలో నిప్పురవ్వను ఆర్పడానికి, తక్కువ చోటులో ఇన్సులేషన్‌కు వాడతారు. గజం భూమి లక్షలు పలికే నగరంలో ఎకరాల కొద్దీ స్విచ్‌యార్డ్ కట్టలేరు కాబట్టి రాయదుర్గం లాంటి చోట్ల గ్యాస్ ఇన్సులేటెడ్ సబ్‌స్టేషన్లు వచ్చాయి. చోటు కలిసొచ్చింది కానీ ఆ వాయువు ఒక కిలో లీకైతే 23 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. పెద్ద వోల్టేజీ సబ్‌స్టేషన్లు రాష్ట్ర విద్యుత్ ప్రసార సంస్థ ట్రాన్స్‌కోవి కాబట్టి ఆ లీకేజీ మళ్లీ వేరే సంస్థ ఖాతా.

లైన్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయే కరెంటు డిస్కమ్ తానే వాడుకున్నట్టు లెక్క కాబట్టి స్కోప్ 2. అమ్మడానికి కొన్న కరెంటు తయారీలో వెలువడిందంతా స్కోప్ 3. నివేదికల్లో ముందు పేజీల్లో గర్వంగా కనిపించేవి మొదటి రెండే. నూటికి ఎనభై, తొంభై వంతుల బరువు ఉన్న మూడో ఖాతా ఐచ్ఛికంగానే మిగిలిపోతుంది.

మన డిస్కమ్‌లకు ఆ నివేదిక రాయాల్సిన ఒత్తిడి కూడా తక్కువే. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు బాధ్యతా నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఎన్టీపీసీ స్టాక్ మార్కెట్‌లో ఉంది కాబట్టి ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ డిస్కమ్‌లు లిస్టెడ్ కావు కాబట్టి ఆ నియమం వాటిని తాకదు. తయారు చేసేవాడి పొగ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పొగకు ఇరవై అయిదేళ్ల గిరాకీ హామీ ఇచ్చిన కొనుగోలుదారు పేరు ఎక్కడా రాదు.

### విభజన పంచిన గాలి, బొగ్గు

తెలంగాణ బొగ్గు వైపు ఇంతగా ఎందుకు ఒరిగిందో తెలియాలంటే 2014కు వెళ్లాలి. అప్పటిదాకా వాడిన తీరును బట్టి విభజన సమయంలో కరెంటు వాటాలు తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం అని తేల్చారు. కాగితం మీద పంచగలిగింది ప్లాంట్ల కరెంటునే. గాలి పంపకానికి లొంగలేదు. బలమైన గాలి వీచే అనంతపురం, కర్నూలు గుట్టలు ఆంధ్రకు వెళ్లాయి, సింగరేణి గనులు తెలంగాణలో ఉండిపోయాయి. నేటికీ తెలంగాణలో పవన విద్యుత్ సామర్థ్యం 128 మెగావాట్లు. ఆంధ్రలో అది 4,000 మెగావాట్లు దాటి ఎన్నేళ్లో అయింది.

విభజనకు ముందు రెండు మూడేళ్లు పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఇళ్లకు గంటల కొద్దీ కోతలు. ఇన్వర్టర్ లేని ఇల్లు ఉండేది కాదు. కొత్త రాష్ట్రం ముందు ఉన్న ప్రశ్న కర్బనం గురించి కాదు, ఫ్యాను తిరగడం గురించి. చేతిలో బొగ్గు ఉంది, బొగ్గునే నమ్ముకున్నారు. ఆ తొందరలో తీసుకున్న నిర్ణయాల్లో కొన్నింటి ఖర్చు దీర్ఘకాలికం. భద్రాద్రిలోని 270 మెగావాట్ల యూనిట్లు సబ్‌క్రిటికల్ రకం. ఆవిరి పీడనం, ఉష్ణోగ్రత తక్కువగా ఉండే ఈ రకం ఒక్కో యూనిట్ కరెంటుకు సూపర్ క్రిటికల్ కంటే ఎక్కువ బొగ్గు తింటుంది. దేశమంతా కొత్త ప్లాంట్లకు సూపర్ క్రిటికల్ వైపు వెళ్తున్న రోజుల్లో ఇది మొదలైంది. పక్కనే గనులు ఉండటం భద్రాద్రికి ఉన్న సౌలభ్యం. యాదాద్రిది తలకిందులు. యంత్రాలు మెరుగైనవి, గనులు దూరం. బొగ్గు వందల కిలోమీటర్లు రైల్లో రావాలి.

ఇదే కాలంలో ఇంకో పని కూడా జరిగింది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. 2015 సోలార్ విధానం కింద ఎడారిలో లాగా ఒకేచోట వేల మెగావాట్లు పెట్టకుండా, జిల్లాల్లోని సబ్‌స్టేషన్ల పక్కనే చిన్న చిన్న ప్లాంట్లు పెట్టనిచ్చారు. మహబూబ్‌నగర్, మెదక్, నల్గొండ పల్లెల్లో తయారైన కరెంటు ఆ పక్క ఊరి బోర్లకే వెళ్తుంది. దూరం తగ్గితే నష్టం తగ్గుతుంది. కర్ణాటక పావగడలో ఒకేచోట 2,050 మెగావాట్లు పెట్టి పేరు తెచ్చుకుంది. తెలంగాణ పద్ధతికి ఫొటో అందం లేదు కానీ లైన్ల మీద భారం తక్కువ.

### మెగావాట్లు వేరు, యూనిట్లు వేరు

వార్తల్లో ఎక్కువగా వచ్చే అంకె స్థాపిత సామర్థ్యం, అంటే ప్లాంట్లు పూర్తి బలంతో నడిస్తే ఇవ్వగల మెగావాట్లు. యూనిట్లంటే నిజంగా తయారైన కరెంటు. 2025 జూన్ చివరికి దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివాటిదే అయింది. సంతోషించాల్సిన మైలురాయే. కానీ తయారైన యూనిట్లలో వాటి వాటా నాలుగో వంతు చుట్టుపక్కలే తిరుగుతోంది.

కారణం సాదా లెక్క. ఒక మెగావాట్ సోలార్ మన దగ్గర ఏడాదికి సుమారు 17 లక్షల యూనిట్లు ఇస్తుంది. 70 శాతం లోడ్ మీద నడిచే ఒక మెగావాట్ బొగ్గు 61 లక్షల యూనిట్లు ఇస్తుంది. వెయ్యి మెగావాట్ల సోలార్ వచ్చిందంటే వెయ్యి మెగావాట్ల బొగ్గు ఆగిందని కాదు, మహా అయితే మూడు వందల మెగావాట్ల బొగ్గుకు సరిపడా యూనిట్లు. 2030 నాటికి మరో 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ చేర్చాలని 2025 జనవరిలో తెలంగాణ తెచ్చిన విధానాన్ని కూడా ఈ కళ్లద్దాలతోనే చదవాలి.

### అసలు లెక్క గడియారంలో ఉంది

మార్చి నెలలో ఒక రోజును గంట గంటకూ చూద్దాం. యాసంగి వరి పొట్ట దశలో ఉంటుంది. తెల్లవారకముందే బోర్లు నడుస్తుంటాయి, నగరంలో గీజర్లు, మోటార్లు మొదలవుతాయి. సూర్యుడు ఇంకా లేవలేదు, కాబట్టి ఈ లోడ్ మోసేది బొగ్గు, కాస్త నీళ్లు. తొమ్మిది దాటాక సోలార్ అందుకుంటుంది. పదకొండు నుంచి మూడు దాకా అది ఊపు మీద ఉంటుంది, థర్మల్ యూనిట్లను తగ్గించమని రాష్ట్ర గ్రిడ్‌ను నడిపించే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్లు వెళ్తుంటాయి. నాలుగు నుంచి సోలార్ దిగడం మొదలు. ఆరున్నరకు సున్నా. సరిగ్గా ఆ వేళకే నగరం ఇంటికి చేరుతుంది. లైట్లు, టీవీలు, ఏసీలు. గాలిమరలు దండిగా ఉన్న కర్ణాటకకు, తమిళనాడుకు గాలికాలం సాయంత్రాల్లో కొంత ఆసరా దొరుకుతుంది. 128 మెగావాట్ల గాలితో తెలంగాణకు దొరికేది ఏమీ లేదు. మళ్లీ బొగ్గే.

రాష్ట్రం లోడ్, నగరం లోడ్ ఒకే స్వభావం కావు. రాష్ట్ర పీక్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. 2025 మార్చి 20న 17,162 మెగావాట్లు నమోదైంది. దాన్ని పైకి లాగేది ప్రధానంగా పొలం. నగరం పీక్ మే నెలలో, వడగాలుల్లో వస్తుంది. దాన్ని లాగేది ఏసీ. ఈ తేడా కర్బనం విషయంలో చాలా పెద్దది, ఎందుకంటే పొలం లోడ్‌ను జరపవచ్చు. చేనుకు నీళ్లు రాత్రి రెండింటికి పెట్టినా, పగలు పన్నెండింటికి పెట్టినా చేనుకు ఒకటే. అర్ధరాత్రి పాముల భయంతో పొలానికి పోయే పని తప్పుతుంది కాబట్టి రైతుకు పగలే మేలు. పడకగదిలో ఏసీని మాత్రం మధ్యాహ్నానికి జరపలేం.

పగటి కరెంటునే పొలాలకు ఇవ్వాలని గుజరాత్ 2020లో కిసాన్ సూర్యోదయ పథకం పెట్టింది. మహారాష్ట్ర వ్యవసాయ ఫీడర్లకే సోలార్ ప్లాంట్లు కడుతోంది. తెలంగాణ దారి వేరు. 2018 జనవరి 1 నుంచి పంపుసెట్లకు 24 గంటలూ ఉచిత కరెంటు. కోతల కాలం గుర్తున్న రైతులకు అది గొప్ప ఊరట, అందులో సందేహం లేదు. దానితోపాటు ఆటో స్టార్టర్ల సమస్య వచ్చింది. కరెంటు రాగానే మోటారు దానంతట అది ఎక్కే ఈ చిన్న పెట్టె కోతల రోజుల్లో ప్రాణం కాపాడింది. 24 గంటల కరెంటులో అదే మోటార్లను అవసరం లేకున్నా నడిపించింది. తీసేయమని ప్రభుత్వమే ప్రచారం చేయాల్సి వచ్చింది. 27 లక్షలకు పైగా పంపుసెట్లున్న రాష్ట్రంలో వాటి రాత్రి లోడ్‌లో ఎంత భాగం పగటికి జరిగితే అంత బొగ్గు మిగులుతుంది. కొత్తగా ఒక్క ప్యానెల్ కూడా పెట్టకుండా దొరికే ఆదా ఇది.

గడియారం లెక్క తెలిస్తే ఎలక్ట్రిక్ కార్ల మీద వాదన కూడా కొంత తేలుతుంది. కిలోమీటరుకు 0.14 యూనిట్లు తీసుకునే కారు జాతీయ సగటు కరెంటు మీద సుమారు 100 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ కారు సుమారు 153 గ్రాములు వదులుతుంది. రాత్రి పదింటికి పార్కింగ్‌లో ప్లగ్ పెడితే ఆ వేళ కరెంటులో బొగ్గు పాలు సగటు కంటే ఎక్కువ కాబట్టి ఈ తేడా తగ్గుతుంది. ఆఫీసు పార్కింగ్‌లో మధ్యాహ్నం చార్జ్ చేస్తే పెరుగుతుంది. కారు అదే, మీటరు అదే.

పగటి సోలార్‌ను రాత్రికి దాచే ఏర్పాటు తెలంగాణలో ఇప్పటికే ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ, నాగార్జునసాగర్‌లో 100 మెగావాట్ల తరగతి యూనిట్లు ఏడూ వెనక్కి తిరిగి పంపుల్లా పనిచేయగలవు. కరెంటు మిగిలిన వేళ కింది నీళ్లను పైకి ఎత్తి, కొరత వేళ దించి కరెంటు తీయవచ్చు. ఎత్తడంలో, దించడంలో కలిపి అయిదో వంతు, ఒక్కోసారి అంతకంటే కాస్త ఎక్కువే పోతుంది. అయినా వృథాగా సోలార్ ఆపడం కంటే ఎంతో నయం. అయితే కింది జలాశయంలో నీళ్లుండాలి, యంత్రాలు పనిచేసే స్థితిలో ఉండాలి, రెండు రాష్ట్రాల నీటి పంచాయితీ అడ్డు రాకూడదు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది చనిపోయారు. యూనిట్లు మళ్లీ తిరగడానికి చాలా కాలం పట్టింది.

### ఫంక్షన్ హాల్ అడ్వాన్స్

సోలార్ చౌక అయ్యాక కూడా డిస్కమ్ బొగ్గును ఎందుకు వదలదు? ఒప్పందాల నిర్మాణంలో జవాబు ఉంది. థర్మల్ కరెంటు ధరకు రెండు భాగాలు. ప్లాంటు కట్టిన అప్పు, వడ్డీ, జీతాల కోసం ఇచ్చేది స్థిర చార్జీ. కాల్చిన బొగ్గుకు ఇచ్చేది చర చార్జీ. కరెంటు తీసుకున్నా, తీసుకోకపోయినా స్థిర చార్జీ కట్టాల్సిందే. పెళ్లి వాయిదా పడినా ఫంక్షన్ హాల్‌కు ఇచ్చిన అడ్వాన్స్ పోయినట్టు.

ఇక రోజువారీ కొనుగోలు మెరిట్ ఆర్డర్ మీద నడుస్తుంది. చర చార్జీ తక్కువ ఉన్న ప్లాంటు ముందు, ఎక్కువ ఉన్నది తర్వాత. సోలార్, పవన విద్యుత్‌ను మాత్రం వరుసతో పని లేకుండా తీసుకోవాలన్నది నియమం. స్థిర చార్జీ ఎటూ కట్టేసిన డిస్కమ్‌కు పాత బొగ్గు ప్లాంటు నుంచి వచ్చే ఇంకో యూనిట్ ధర అంటే బొగ్గు ఖర్చు ఒక్కటే. కొత్త సోలార్‌కు మాత్రం పూర్తి ధర. ఈ పోలికలో గని పక్క ప్లాంటు గట్టి పోటీ ఇస్తుంది. మెరిట్ ఆర్డర్‌లో కిలో కర్బనానికి ధర లేదు కాబట్టి ఎక్కువ పొగ వదిలే ప్లాంటు కూడా బొగ్గు చౌకగా దొరికితే ముందు వరుసలో కూర్చుంటుంది.

దీనికి తోడు బాయిలర్ స్వభావం. థర్మల్ యూనిట్‌ను స్విచ్ లాగా ఆపి, వేయలేరు. కేంద్ర నిబంధనల ప్రకారం 55 శాతం లోడ్ దాకా దిగగలగాలి, తర్వాత దశల్లో 40 శాతానికి రావాలి. సాయంత్రం కావాలి కాబట్టి మధ్యాహ్నం కూడా సగం మంట మీద ఉంచుతారు. సగం లోడ్‌లో ఒక్కో యూనిట్ కరెంటుకు పట్టే బొగ్గు పెరుగుతుంది. అంటే పగలు సోలార్ ఆదా చేసిన కర్బనంలో కొంచెం ఇక్కడ తిరిగి ఖర్చవుతుంది.

పాతవి మూతపడటం కూడా జరుగుతోంది. పాల్వంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ కేంద్రం) ఆపేశాక దాని ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. 1971 నుంచి నడిచిన రామగుండం 62.5 మెగావాట్ల యూనిట్ కూడా 2024లోనే ఆగిపోయింది. ఇవి పోవడంతో యూనిట్‌కు సగటు కర్బనం తగ్గుతుంది. మొత్తం టన్నులు తగ్గాలంటే కొత్తవి అంతకంటే తక్కువ కాల్చాలి. 720 మెగావాట్ల పాత కేటీపీఎస్ పోయిన చోటికి యాదాద్రి ఒక్కటే 4,000 మెగావాట్లతో వస్తోంది. ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని 2022 సెప్టెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిలిపివేసి, మళ్లీ అధ్యయనం చేయమంది. 2024 డిసెంబర్‌లో తొలి యూనిట్ జాతికి అంకితమైంది. ఇరవై అయిదేళ్ల ఒప్పందం అంటే ఆ ప్లాంటు స్థిర చార్జీల బిల్లు 2050 దాకా వస్తూనే ఉంటుంది. దేశం నికర సున్నా (గాలిలోకి వదిలే కర్బనం, తిరిగి తీసుకునే కర్బనం సమానం కావడం) లక్ష్యం 2070.

### స్తంభం మీది డబ్బా

డిస్కమ్ పూర్తిగా తన చేతుల్లో పెట్టుకున్న కర్బనం ఒకటుంది. అది లైన్ నష్టం. బస్తీ మూలమీద రెండు స్తంభాల మధ్య కూర్చున్న డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను అర్ధరాత్రి దాటాక, వీధి సద్దుమణిగాక వింటే సన్నగా హమ్ చేస్తుంటుంది. ఎవరూ కరెంటు వాడకపోయినా లోపలి ఇనుప కోర్‌ను అయస్కాంతంగా ఉంచడానికి అది నిరంతరం కొంత తింటుంది. ఏడాదికి 8,760 గంటలూ. పగలు లోడ్ పెరిగితే రెండో నష్టం వస్తుంది. రాగి చుట్లలో పోయే వేడి కరెంటు వర్గానికి అనుపాతం. లోడ్ రెట్టింపు అయితే నష్టం నాలుగు రెట్లు. మే నెల రాత్రి వీధి మొత్తం ఒకేసారి ఏసీలు వేస్తే, సరిగ్గా బొగ్గు ఎక్కువగా కాలే గంటలోనే నష్టం కూడా శిఖరానికి చేరుతుంది. ఫ్యూజు ఎగిరితే జనం తిట్టుకుంటారు. ఎగరని రాత్రుల్లో పోయేదాన్ని ఎవరూ చూడరు.

అందుకే ఓవర్‌లోడ్ అయిన ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇంకోటి పెట్టడం, స్టార్ రేటింగ్ ఉన్నవి కొనడం, వోల్టేజీని నిలబెట్టి నష్టం తగ్గించే కెపాసిటర్ బ్యాంకులు పనిచేసేలా చూడటం లాంటివన్నీ సరఫరా పనులే అయినా వాతావరణ పనులు కూడా. నగరం 90 మిలియన్ యూనిట్లు వాడిన రోజున నష్టం ఒక్క శాతం తగ్గితే 9 లక్షల యూనిట్లు మిగులుతాయి, 650 టన్నులు తగ్గుతాయి. దొంగ కొక్కేల సంగతి వేరు. కొక్కెం వేసిన కరెంటు ఎవరో వాడుకున్నదే కాబట్టి దాన్ని ఆపితే డిస్కమ్ ఆదాయం పెరుగుతుంది, పొగ అంతగా తగ్గదు. నష్టాల శాతం తగ్గిందన్న ప్రకటనలో సాంకేతిక నష్టం ఎంత, వాణిజ్య నష్టం ఎంత అని విడదీసి చూడాల్సింది ఇందుకే.

### రెండు వందల యూనిట్ల గీత

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. దీని ప్రభావం రెండు వైపులా ఉంటుంది. గీత దాటితే మొత్తం బిల్లు పడుతుందన్న టెన్షన్‌తో నెలాఖర్లో మీటరు చూసుకుంటూ గీజర్ ఆపేసే ఇళ్లున్నాయి. అది పొదుపే. మరోవైపు, బిల్లే లేని ఇల్లు డాబా మీద సోలార్ పెట్టాల్సిన అవసరం ఏముంది? కేంద్రం డాబా సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉన్నా, సున్నా బిల్లును సోలార్ అంతకంటే తగ్గించజాలదు. కాబట్టి రూఫ్‌టాప్ పెరుగుదల పెద్ద బిల్లుల ఇళ్లకే పరిమితమవుతుంది. ఆ ఇళ్లు డిస్కమ్‌కు లాభం తెచ్చే గిరాకీ. వాళ్లు సోలార్‌కు మారితే డిస్కమ్ ఆదాయం తగ్గుతుంది, అదే సమయంలో సాయంత్రం వాళ్ల లోడ్ మాత్రం గ్రిడ్ మీదే ఉంటుంది. నెట్ మీటర్ (డాబా సోలార్ గ్రిడ్‌కు పంపిన యూనిట్లను బిల్లులో తీసేసే మీటరు) ఫైళ్లు అన్నిచోట్లా ఒకే వేగంతో ఎందుకు కదలవో ఇందులో కొంత అర్థమవుతుంది. ఇక అపార్ట్‌మెంట్లలో డాబా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు.

### కాగితం మీద పచ్చదనం

హైదరాబాద్ చుట్టూ డేటా సెంటర్లు పెరుగుతున్నాయి. రోజంతా ఒకే తీరులో కరెంటు లాగే లోడ్ అది. ఇలాంటి సంస్థలు పునరుత్పాదక కరెంటు కోసం డిస్కమ్‌కు విడిగా గ్రీన్ టారిఫ్ కట్టో, ఓపెన్ యాక్సెస్‌లో (డిస్కమ్‌ను దాటి నేరుగా ఉత్పత్తిదారు నుంచి) సోలార్ కొనో, సర్టిఫికెట్లు తీసుకునో ఏడాది వాడకానికి సమానంగా పునరుత్పాదక విద్యుత్ కొన్నామని చూపిస్తాయి. ఏడాది లెక్కలో అది నిజమే. రాత్రి రెండింటికి ఆ సర్వర్లకు అందేది మాత్రం గ్రిడ్ మీద ఆ క్షణాన ఉన్న కరెంటే.

వ్యవసాయ కనెక్షన్ల కోసం విడిగా మూడో డిస్కమ్ పెట్టాలన్న 2025 నాటి రాష్ట్ర ప్రభుత్వ ప్రతిపాదనను కూడా ఈ కోణంలో చూడవచ్చు. మీటర్లు లేని పంపుసెట్లు వేరే సంస్థకు వెళ్తే దక్షిణ డిస్కమ్ నష్టాల శాతం, వసూళ్ల రేటింగ్ ఒక్కసారిగా మెరుగ్గా కనిపిస్తాయి. ఒక టన్ను బొగ్గు కూడా తగ్గకుండానే. పొలం లోడ్‌ను పగటికి జరపడానికి ఆ కొత్త సంస్థ పనికొస్తే అప్పుడు లెక్క నిజంగా మారుతుంది.

### ఎండా, వానా కూడా లెక్కలోనివే

వాతావరణ మార్పు వల్ల కరెంటు సంస్థకు తగిలే దెబ్బ మళ్లీ పొగ రూపంలోనే బయటకు వస్తుంది. 2023-24లో కృష్ణాకు వరద సరిగా రాలేదు. జల విద్యుత్ పడిపోయింది, ఆ లోటు భర్తీ చేసింది థర్మల్, బయటి కొనుగోళ్లు. వేడి పెరిగితే ఏసీ లోడ్ పెరుగుతుంది, తీగ నిరోధం పెరుగుతుంది, సోలార్ ప్యానెల్ సామర్థ్యం కాస్త తగ్గుతుంది. మూడూ ఒకే దిశలో లాగుతాయి. 2020 అక్టోబర్ వరదల్లో నగరంలో సెల్లార్లలోని ప్యానెల్ బోర్డులు మునిగి కాలనీలకు కాలనీలే చీకట్లో ఉన్నాయి. ఆ రాత్రులు డీజిల్ జనరేటర్లు మోగాయి. ఆ డీజిల్ ఏ డిస్కమ్ ఖాతాలోకీ రాదు.

### ఏ కాగితం చూడాలి

డిస్కమ్ ఏటా విద్యుత్ నియంత్రణ మండలికి వార్షిక ఆదాయ అవసరాల నివేదిక ఇస్తుంది. దాని మీద బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా వెళ్లి అభ్యంతరం చెప్పవచ్చు. పత్రికల్లో వచ్చేది చార్జీలు పెరుగుతాయా, లేదా అన్న ఒక్క వాక్యమే. ఆ నివేదికలో ఏ కేంద్రం నుంచి ఎన్ని యూనిట్లు, స్థిర చార్జీ ఎంత, చర చార్జీ ఎంత అన్న పట్టికలుంటాయి. కేంద్రం పెట్టిన పునరుత్పాదక వాటా నియమం 2024-25లో 29.91 శాతం, 2029-30కి 43.33 శాతం. దానికి డిస్కమ్ ఎంత దూరంలో ఉందో కూడా ఆ యూనిట్లు కూడితేనే తెలుస్తుంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దగ్గర ఒక్కో థర్మల్ కేంద్రం ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో వేరే పట్టిక ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి గుణిస్తే దక్షిణ డిస్కమ్ అమ్మిన యూనిట్‌కు ఎన్ని గ్రాములో వచ్చేస్తుంది. గంటల వారీగా కావాలన్నా సమాచారం కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. విద్యుత్ సౌధలోని లోడ్ డిస్పాచ్ సెంటర్ రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏ ప్లాంటు ఎంత ఇవ్వాలో రోజూ రాసుకుంటూనే ఉంది.